సైకాలజీ ఆనర్స్: లెక్కలంటే భయపడే పిల్ల నెగ్గుకురాగలదా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. మా మేనకోడలు ఒడియా మీడియంలో ప్లస్ టూ ఆర్ట్స్ పూర్తిచేసింది. డిగ్రీలో సైకాలజీ తప్ప ఇంకేదీ వద్దని భీష్మించుకు కూర్చుంది. మా అమ్మేమో "పిచ్చాళ్ళ డాక్టరవుతావుటే?" అని ఒకటే గొడవ. ఆవిడ సంగతి నేను చూసుకుంటాను.

సిలబస్ తిరగేశాం. సోషల్, డెవలప్‌మెంటల్, అబ్‌నార్మల్ సైకాలజీ లాంటివి ఇష్టంగానే చదువుతుంది. బయోసైకాలజీలో మెదడు, నాడుల గురించి కష్టపడైనా నేర్చుకుంటుంది. అసలు టెన్షన్ స్టాటిస్టిక్స్‌తోనే. స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్, టీ-టెస్ట్ అన్న పేర్లు చూడగానే పిల్ల ముఖం వాడిపోయింది. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టలేదు మరి. ఆర్ట్స్ నుంచి వెళ్ళినవాళ్ళు ఈ పేపరు ఎలా గట్టెక్కారు? ముందుగా ఏం నేర్పిస్తే మంచిది?

ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో కూడా బి.ఏ. సైకాలజీ ఆనర్స్ ఉంది. ఇంటిపట్టున ఉండి చదవచ్చు. కానీ ప్రాక్టికల్స్‌లో ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి జ్ఞాపకశక్తి పరీక్ష చేసి, రికార్డు రాయడం దూరవిద్యలో సరిగ్గా అబ్బుతుందా? క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, దానికి ఉత్త బి.ఏ. చాలదని తెలుసు. అందుకే పునాది గట్టిగా పడాలని నా తాపత్రయం.

బరంపురం వైపు గానీ, విశాఖలో గానీ ఈ సబ్జెక్టు చదివినవాళ్ళుంటే ల్యాబ్, బోధన ఎలా ఉంటాయో కాస్త చెప్పండి. తెలుగులో మంచి పుస్తకాలుంటే అవీ రాయండి.