బిల్డింగ్ బయట లైట్లకి వైర్ ఎలా లాగాలి?

ఇంటి బయట గోడకి నాలుగు ఎల్ఈడీ లైట్లు పెడదామనుకుంటున్నానండి, లోపల వైరింగ్‌లో మిగిలిన వైరే ఉంది, దాన్నే గోడమీద క్లిప్పులు కొట్టి లాగేస్తే సరిపోతుందా?

జవాబు 1: వద్దండి, అలా మాత్రం చేయకండి. ఎండకి ఆ ఇన్సులేషన్ పెళుసెక్కి పగుళ్లిస్తుంది, అందులోకి వాన నీళ్లు దిగితే తడిగోడ ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. ఎండకి తట్టుకునే పైపులో లాగించండి, లైట్లూ, వైర్లు కలిపే జంక్షన్ బాక్సులూ ఐపీ65వి (దుమ్మూ వాన నీళ్లూ లోపలికి పోనివ్వనివి) తీసుకోండి, ఎర్త్ వైరు మర్చిపోవద్దు.

జవాబు 2: ఇంకోటి, వైరుని బాక్సులోకి కిందనుంచే ఎక్కించండి. మాకు పైనుంచి దింపారు, మొదటి వానకే బాక్సు నిండా నీళ్లు.

మరి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) కూడా కావాలా అండీ?

జవాబు 1: తప్పకుండా, 30 మిల్లీ ఆంపియర్లది. పని మొదలెట్టే ముందు మెయిన్ ఆపి టెస్టర్‌తో చూసుకోండి.