మన్రో దొర చిత్రపటం గ్రంథాలయం గోడకు ఉండాలా?

సీమ పాఠకుడు:
మా ఊరి గ్రంథాలయంలో, ఒకప్పుడు సీమకు కలెక్టరుగా ఉన్న తెల్లదొర థామస్ మన్రో చిత్రాన్ని పటం కట్టించి పెడతామని కొందరు పట్టుబడుతున్నారు. మార్టిన్ ఆర్చర్ షీ వేసిన తైలవర్ణ చిత్రాన్ని చూసి శామ్యూల్ కజిన్స్ లోహపు రేకు మీద చెక్కిన అచ్చుకు నకలు అది. నేను వద్దంటున్నాను. ఈస్టిండియా కుంపిణీ తన దర్పాన్ని చాటుకోవడానికి పనికొచ్చిన బొమ్మకు మన గోడ ఎందుకు?

పత్తికొండ మనవరాలు:
అన్నా, ఆయన 1827లో కలరాతో కన్నుమూసింది మా పత్తికొండలోనే. సీమ రైతులు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఎవరైనా బలవంతం చేశారా? 1807లో శిస్తు నాలుగో వంతు తగ్గించమని కుంపిణీకి రాసిందీ ఆయనే.

సీమ పాఠకుడు:
రాశాడమ్మా, కాదనను. కానీ ఆ శిస్తు కట్టింది ఎవరు? ఆయన లెక్క ప్రకారమే పంటలో దాదాపు 45 శాతం! దత్త మండలాల్లో, అంటే నిజాం కుంపిణీకి అప్పగించిన మన సీమలో, 80 మంది పాళెగాళ్ళను (స్థానిక పాలకులను) అణచిందీ ఆయనే. బొమ్మలో ఇవేవీ కనిపించవు.

పాత పటాల ప్రేమికుడు:
కనిపించకపోవడం ఎలా జరుగుతుందో చెబుతాను. ఈ పద్ధతి పేరు మెజొటింట్. ముందు రేకంతా పళ్ళున్న పనిముట్టుతో గరుకు చేస్తారు. అప్పుడే సిరా పూసి అచ్చు తీస్తే కాగితమంతా నల్లగా పడుతుంది. వెలుగు కావలసిన చోటల్లా గీకి నునుపు చేస్తూ పోతే ముఖం చీకట్లోంచి పైకి తేలుతుంది. దేన్ని వెలిగించాలో, దేన్ని నల్లగా వదిలేయాలో చెక్కేవాడి చేతిలో ఉంటుంది. తైలచిత్రం ఒక్క గోడకే పరిమితం. అచ్చు బొమ్మ అలా కాదు, ఒకే రేకు నుంచి ఎన్నో ప్రతులు ఇంగ్లండ్‌లో డబ్బున్న వాళ్ళ ఇళ్ళకు చేరతాయి. శిస్తు కట్టిన రైతు ఆ కొనుగోలుదారుల్లో లేడు. మన్రోలప్ప అని పేరు పెట్టిన తండ్రి ఈ బొమ్మ చూసి పెట్టి ఉండడు. ఆ మన్రో వేరు, ఈ రేకు మీది మన్రో వేరు. అందుకే బొమ్మను దాచవద్దు, పక్కనే శిస్తు లెక్క కూడా పెట్టండి.

పత్తికొండ మనవరాలు:
దానికి నేను సిద్ధమే. ఆ పేర్ల సంగతి కూడా రాయాలి.

సీమ పాఠకుడు:
రాద్దాం. లెక్క తెలుగులో ఉండాలి, దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో. గోడ మాత్రం వద్దు. గోడ మీదుంటే పిల్లలు తలెత్తి చూడాలి. బల్ల మీద అద్దం కింద పెడదాం, వంగి చూస్తారు.