శేషాచలం కొండల్లో ప్రాణవిద్యా కళాశాల: మంత్రానికి హద్దు ఎక్కడ?

కొండదారి (తిరుపతి):
నేను రాస్తున్న నవలలో తలకోన దగ్గర, 270 అడుగుల జలపాతానికి పైన, అడవి లోపల ఒక కళాశాల ఉంటుంది. అక్కడ చదువంతా చెట్టూ చేమా, పురుగూ పుట్రా గురించే. విత్తనాన్ని పలకరించి మొలిపిస్తారు, ఎండిన వాగులోకి చేపలను పిలుస్తారు. మూడో అధ్యాయంలో ఒక విద్యార్థిని ఎర్రచందనం గింజను అరచేతిలో పెట్టుకుని, తెల్లవారేసరికి దాన్ని మానుగా పెంచేస్తుంది. అక్కడే నా కలం ఆగిపోయింది.

ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. రాతినేలలో, చాలీచాలని నీటితో, దశాబ్దాల తరబడి నిదానంగా ఎదుగుతుంది. లేత చెట్టును కోస్తే తెల్లకర్రే కనిపిస్తుంది. ఎరుపంతా చేవలోనే, అంటే కాండం నడిమి గట్టి కర్రలోనే ఉంటుంది, ఆ చేవ పట్టడానికి ఏళ్లు కావాలి. ఒక్క రాత్రిలో పెరిగిన మానుకు చేవ ఉందని రాస్తే ఆ చెట్టుకు అన్యాయం చేసినట్టే అనిపిస్తోంది. లేదని రాస్తే ఇక మంత్రం ఎందుకు? మీరేమంటారు?

మామిడితోట (దామలచెరువు):
మాకు తోతాపురి తోట, చిన్న నర్సరీ ఉన్నాయండి. ప్రాణాన్ని మలచడమంటే నాకు తెలిసింది అంటు కట్టడమే. టెంక నుంచి మొలిచిన నాటు మొక్క కాండాన్ని ఏటవాలుగా చెక్కుతాం. తోతాపురి పుల్లనూ అదే కొలతకు చెక్కి, రెండు పచ్చి గాట్లూ ఆనేలా పెట్టి, పాలిథిన్ పట్టీతో బిగించి చుడతాం. బెరడు కింది పచ్చిపొర కనీసం ఒక పక్కనైనా కలవాలి, లేకపోతే పుల్ల ఎండిపోతుంది. అతుక్కున్నాక కూడా వేరు నాటుదే, కాయ తోతాపురిదే. దేని గుణం దానిదే. మీ కళాశాలలో మొదటి ఏడాది మంత్రం చెప్పకండి, చేతికి కత్తి ఇవ్వండి.

అడవిగాలి (తిరుపతి):
వృక్షశాస్త్రం చదువుతున్నాను. మీ నవలలో సైకాస్ బెడ్డోమి తప్పకుండా ఉండాలి. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, ఈ కొండల సొంత మొక్క. మగ, ఆడ చెట్లు వేరువేరు. మందుల కోసం మగ శంకువులను (పుప్పొడి ఉండే కంకులను) కోసుకుపోతే ఆడచెట్టుకు పుప్పొడి అందదు, విత్తనం కట్టదు. వేసవి మంటల్లో ఆకులన్నీ మాడినా మళ్లీ చిగురించే మొండితనం ఉన్నా, ఈ కొరత ముందు అది నిస్సహాయంగా నిలబడుతుంది. ఒక లోయలో ఆడచెట్టు, నాలుగు కొండల అవతల మగచెట్టు ఉన్నాయనుకోండి. పుప్పొడిని చేర్చడమే ఆఖరి పరీక్షగా పెట్టవచ్చు.

రాత్రిబడి (చిత్తూరు):
హద్దు పెట్టవద్దు, చెట్టును పెరగనివ్వండి. రాత్రికి రాత్రి ఎర్రచందనం పెంచగల పిల్ల ఉందని బయటికి పొక్కితే దుంగల దొంగలు అడవిని వదిలి ఆమె కోసం వస్తారు. మీ కథ అక్కడ ఉంది.

కొండదారి:
రాత్రిబడి గారూ, ముడి విప్పారు! మాను పెరుగుతుంది, లోపల మాత్రం తెల్లకర్రే. ఆ సంగతి గురువులకు తెలుసు, దొంగలకు తెలియదు. పుప్పొడి పరీక్ష కూడా ఉంటుంది. మామిడితోట గారూ, అంటు అతుక్కోలేదని మొదట ఎలా గుర్తుపడతారు?

మామిడితోట:
పుల్ల మీద బెరడు ముడతలు పడి నల్లబడుతుందండి. గోటితో కొద్దిగా గీకి చూస్తాం. లోపల పచ్చగా ఉంటే ఆశ ఉన్నట్టే, గోధుమరంగుకు తిరిగితే తీసేసి మళ్లీ కడతాం.