ఇన్‌ఫ్లమేషన్‌ని 'వాపు' అనొచ్చా?

ప్రశ్న: రక్తంలోని 'ఇన్‌ఫ్లమేటరీ మార్కర్స్'ని బట్టి క్యాన్సర్ రోగుల మనుగడను అంచనా వేయడం గురించి ఒక వ్యాసం అనువదిస్తున్నాను. 'వాపు సూచికలు' అని రాశాను. బాగుందా?

జవాబు: వద్దండీ. వాపుని చూసి బలుపనుకోవద్దంటాం కదా, అంటే వాపు మనకి కంటికి కనిపించేదే. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇన్ఫెక్షన్‌కో దెబ్బకో శరీరం స్పందించే తీరు, అది పైకి ఏమీ కనిపించకపోవచ్చు. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ దీనికి నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఒక లక్షణం పేరే మొత్తానికి పెట్టేస్తే ఎలా? కొందరు 'శోథ' అంటారు. సంస్కృతంలో దానికీ వాపనే అర్థం, పైగా మామూలు పాఠకుడికి అందదు. నా ఓటు 'తాపం'కే. ఇన్‌ఫ్లమేషన్‌కి లాటిన్ మూలమూ మంటే. మనస్తాపం, పశ్చాత్తాపం అని వాడుతూనే ఉంటాం కాబట్టి, లోలోపల రగిలేదన్న భావం వెంటనే తగులుతుంది.

శరీరంలో జరిగేదీ అలాంటిదే. కణితుల్లో తెల్లకణాలు చేరడాన్ని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్చో 1863లోనే గమనించాడు. రోగనిరోధక కణాలు పంపే ఐఎల్-6 లాంటి రసాయన సంకేతాలు అందితే కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారీని పెంచి, ఆల్బుమిన్ అనే మరో ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. క్యాన్సర్ రోగుల మనుగడ అంచనాకు వాడే 'సవరించిన గ్లాస్గో స్కోరు'కి ఈ రెండే ఆధారం. సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకపోతే 0, దాటితే 1, దానికి తోడు ఆల్బుమిన్ లీటరుకు 35 గ్రాముల కన్నా తగ్గితే 2. స్కోరు పెరిగేకొద్దీ మనుగడ తగ్గడం చాలా రకాల క్యాన్సర్లలో కనిపించింది. మామూలు సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు నుంచే లెక్కగట్టే నిష్పత్తీ ఒకటుంది: తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం 72 శాతం, లింఫోసైట్స్ అనే రకం 18 శాతం ఉంటే అది 4.

నన్ను ఎక్కువ బాధపెట్టేది 'ప్రిడిక్టర్'కి మనం వాడే మాటలు. 'ఆయుష్షు చెప్పే రక్తపరీక్ష' లాంటి శీర్షికలు దయచేసి పెట్టకండి. మన భాషలో ఆయుష్షంటే నుదుటి రాత, తప్పించుకోలేనిది. స్కోరు 2 వచ్చిన మనిషి అది చదివితే ఏమైపోవాలి? అలాంటి రోగులందరిలో మొత్తమ్మీద ఏం జరిగిందో చెప్పే సంఖ్య అది, ఫలానా మనిషి ఎన్నాళ్లుంటాడో చెప్పదు. న్యుమోనియా వచ్చినా, ఆపరేషన్ జరిగినా సీఆర్‌పీ ఎగబాకుతుంది. స్టెరాయిడ్లు వాడితే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. అందుకే డాక్టర్లు కణితి ఏ దశలో ఉంది, రోగి ఒంట్లో ఓపిక ఎలా ఉంది అన్నవాటితో కలిపే దీన్ని చూస్తారు. 'అంచనాకు తోడ్పడే సూచిక' అంటే చాలు. జోస్యం, భవిష్యవాణి లాంటివి అసలొద్దు.

మరో సభ్యురాలు: 'క్యాన్సర్ మార్కర్లు' అనేస్తే సులువు కదండీ?

జవాబు: అవి వేరండీ. అండాశయ క్యాన్సర్‌లో చూసే సీఏ-125 లాంటి ట్యూమర్ మార్కర్లు చాలావరకు కణితి కణాల నుంచే వస్తాయి. సీఆర్‌పీ మన కాలేయం తయారుచేసేది. 1930లో దాన్ని మొదట గుర్తించింది కూడా న్యుమోనియా రోగుల రక్తంలోనే. క్యాన్సర్ మార్కర్ అని రాస్తే, ఏదో ఇన్ఫెక్షన్‌తో సీఆర్‌పీ పెరిగినవాళ్లకి అనవసరంగా టెన్షన్.

అనువాదంలో వాక్యం ఇలా పెట్టి చూడండి: 'రక్తంలో తాప సూచికలు ఎక్కువగా ఉన్న రోగుల్లో మనుగడ సగటున తక్కువగా కనిపించింది.' కాస్త పొడవైందని ఎడిటర్ కోసేస్తానంటే ఇంకేదైనా కొయ్యమనండి, 'సగటున' మాత్రం ఉంచమనండి.