పేస్లిప్‌లో ట్యాక్స్ కోడ్ బీఆర్ అని ఉంది, తప్పు పడిందా?

లెస్టర్‌లో కొత్త:
హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి సెప్టెంబర్‌లో లెస్టర్ వచ్చానండి. అక్టోబర్ 1న ఇక్కడ ఉద్యోగంలో చేరాను. జీతం నెలకి 2,100 పౌండ్లు. ట్యాక్స్ 420, నేషనల్ ఇన్సూరెన్స్ (ప్రభుత్వ పెన్షన్ లాంటివాటికి జీతంలోంచి కోసేది) 84.16 పోగా చేతికి 1,595.84 వచ్చింది. నవంబర్‌లోనూ అంతే. అదే రోజు అదే జీతానికి చేరిన ఇంకో అమ్మాయికి ట్యాక్స్ సున్నా! తన కోడ్ 1257ఎల్. పేరోల్‌లో అడిగితే, హెచ్‌ఎంఆర్‌సీ (ఇక్కడి ట్యాక్స్ శాఖ) చెప్తే తప్ప కోడ్ మార్చలేం అన్నారు. అద్దె కట్టాక మిగిలేది చూస్తే టెన్షన్‌గా ఉంది.

స్లౌ బాబాయ్:
బీఆర్ అంటే బేసిక్ రేట్ అమ్మా. మొదటి పౌండు నుంచే 20 శాతం కోసేస్తారు. 2,100కి 420, లెక్క సరిగ్గా అతికింది చూడు. మామూలుగా రెండో ఉద్యోగానికి వేసే కోడ్ అది. నీకు రావాల్సింది 1257ఎల్, అంటే ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ట్యాక్స్ లేదు. చేరేటప్పుడు నింపే స్టార్టర్ చెక్‌లిస్ట్ ఫారంలో ఏ, బీ, సీల్లో దేనికి టిక్ పెట్టావు?

లెస్టర్‌లో కొత్త:
సీకి. ‘ఇంకో ఉద్యోగం గానీ పెన్షన్ గానీ ఉంది’ అని చదివి, ఇండియాలో నాకు పీఎఫ్ ఉందిగా, అందులో పెన్షన్ వాటా కూడా ఉంటుందిగా అనుకున్నాను. దాస్తే వీసాకి ఏమన్నా అవుతుందేమోనని భయం ఒకటి.

స్లౌ బాబాయ్:
దొరికింది! అది పెన్షన్ అందుకునేవాళ్ల సంగతమ్మా, దాచుకునేవాళ్లది కాదు. ఇక్కడ ట్యాక్స్ ఏడాది ఏప్రిల్ 6న మొదలవుతుంది. ఆ తర్వాత ఇక్కడ ఇదే నీ మొదటి ఉద్యోగం కాబట్టి ‘ఏ’కి టిక్ పెట్టాలి. హెచ్‌ఎంఆర్‌సీ ఆన్‌లైన్ అకౌంట్‌లోకి వెళ్లి, వేరే ఉద్యోగం లేదని చెప్పు. కొత్త కోడ్ వాళ్లే పేరోల్‌కి పంపుతారు. ఏప్రిల్ నుంచి వాడుకోని నెలల మినహాయింపు కూడా నీకే కలుస్తుంది. మార్చి దాకా నీ జీతమంతా కలిపినా 12,600. పడితే ఐదారు పౌండ్లు పడుతుంది.

రాత్రి డ్యూటీ:
కొత్త కోడ్ చివర ఎం1 ఉందేమో చూసుకోండి. ఉంటే ఏ నెలకి ఆ నెలే లెక్క, పాత కోత అందులో సర్దుబాటు కాదు. నేను ఎల్ చూసి సంబరపడి, పక్కనున్న ఎం1 వదిలేశాను. ఏడాది ముగిసి, ఆగస్టులో పీ800 లెటర్ (ఏడాది ట్యాక్స్ లెక్క తేల్చి హెచ్‌ఎంఆర్‌సీ పంపేది) వచ్చాకే డబ్బు చూశాను. నేషనల్ ఇన్సూరెన్స్ మాత్రం కోడ్‌తో సంబంధం లేనిది, ఆ 84 వెనక్కి రాదు.

లెస్టర్‌లో కొత్త:
డిసెంబర్ పేస్లిప్ వచ్చింది. 1257ఎల్, పక్కన ఎం1 లేదు. ట్యాక్స్ గడిలో మైనస్ 840 చూసి, మళ్లీ కోశారనుకుని గుండె జారిపోయింది. కింద చూస్తే చేతికి 2,855.84! థాంక్యూ బాబాయ్ గారూ.