తల్లిపాల నమూనాల్లో కొవ్వును ఎలా కాపాడాలి?

ప్రశ్న: మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో మూడు నెలలు ఉంచిన తల్లిపాల నమూనాలను కరిగించగా, సీసా గోడలకు తెల్లటి జిడ్డు పొర అంటుకుని ఉంది, సబ్బు వాసన కూడా వస్తోంది. వీటిలోని కొవ్వును విశ్లేషిస్తే ఫలితాలను నమ్మవచ్చా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఆ వాసనకు మూలం పాలలో సహజంగా ఉండి, కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైమే అయి ఉంటుందండి. మైనస్ 20 దగ్గర కూడా దాని పని పూర్తిగా ఆగదు కనుక, పాల కొవ్వులో దాదాపు 98 శాతం ఉండే ట్రైగ్లిజరైడ్లు నెమ్మదిగా విడిపోయి, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. మీ నమూనాల్లో ఆ స్వేచ్ఛా ఆమ్లాలను కొలిచి, అదే తల్లిపాల స్వభావమని రాస్తే తప్పవుతుంది. ఇకమీదట పాలు సేకరించిన వెంటనే చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో పెట్టండి.

మరో జవాబు: గోడకు అంటిన ఆ పొరను వదిలేయకండి, మీరు కొలవాల్సిన కొవ్వు అదే. సీసాను 37 డిగ్రీల నీటిలో వెచ్చబరచి, నురగ రాకుండా పలుమార్లు తలకిందులు చేసి, పొర పూర్తిగా కలిశాకే పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే సన్నని గొట్టం) ముంచండి. బిడ్డకు పాలిచ్చే మొదట్లో కంటే చివర్లో కొవ్వు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఏ దశలో తీసిన పాలో చీటీపై తప్పక రాయాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. చీటీలపై తేదీ మాత్రమే రాశాను. ఆ తల్లులను రేపే మళ్లీ అడుగుతాను.