ఎఫ్‌టీపీఎస్‌లో లాగిన్ అవుతోంది కానీ ఫైళ్ల లిస్ట్ రావట్లేదు, టీఎల్ఎస్ తీసేస్తే వస్తోంది

రాత్రిడ్యూటీ:
రెండ్రోజుల నుంచి దీంతోనే తల పట్టుకుని కూర్చున్నా, ఎవరైనా కాస్త చూడండి. లైనక్స్ మీద వీఎస్ఎఫ్‌టీపీడీ (ఎఫ్‌టీపీ సర్వర్ సాఫ్ట్‌వేర్), రౌటర్ వెనకాల ఉంది. ఇన్నాళ్లూ మామూలు ఎఫ్‌టీపీతో ఏ గొడవా లేకుండా నడిచింది. మొన్న ఎన్‌క్రిప్షన్ ఉండాల్సిందే అన్నారని దాన్ని చేసే టీఎల్ఎస్ ఆన్ చేశా, అంటే ఎఫ్‌టీపీఎస్ అయింది. ఇప్పుడు బయట్నుంచి ఫైల్‌జిల్లా క్లయింట్‌తో వెళ్తే సర్టిఫికెట్ చూపిస్తుంది, ఓకే కొడితే లాగిన్ అయిపోతుంది, లాగిన్ ఓకే అనే 230 కోడ్ కూడా వస్తుంది, తర్వాత డైరెక్టరీ లిస్టింగ్ దగ్గర అలా ఉండిపోయి 20 సెకన్లకి టైమవుట్. లోపలి నెట్‌వర్క్ నుంచి మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది. రౌటర్లో 21 పోర్ట్ ఫార్వర్డ్ చేసే ఉంది. సర్టిఫికెట్ రెండుసార్లు కొత్తగా చేశా, అయినా అంతే.

ఒకేపోర్ట్:
ఎస్ఎఫ్‌టీపీకి (ఎస్ఎస్‌హెచ్ మీద నడిచేది, ఎఫ్‌టీపీఎస్ కాదు) మారిపో బ్రో, 22 పోర్ట్ ఒక్కటి తెరిస్తే చాలు.

రాత్రిడ్యూటీ:
మారేవాణ్ణే అన్నా, కానీ ఫైళ్లు పంపే అవతలి వాళ్ల సాఫ్ట్‌వేర్‌కి ఎఫ్‌టీపీఎస్ తప్ప ఇంకోటి రాదు.

పాతకేబుల్:
సర్టిఫికెట్ని వదిలేయండి పాపం, 230 దాకా వచ్చారంటే దాని పని అయిపోయినట్టే. ఫైల్‌జిల్లా లాగ్‌లో 227తో మొదలయ్యే లైను, దాని కింది లైను పెట్టండి.

రాత్రిడ్యూటీ:
227 ఎంటరింగ్ పాసివ్ మోడ్ (192,168,1,10,195,80)
దాని కింద, సర్వర్ ఇచ్చిన అడ్రస్ బయట్నుంచి చేరేది కాదు, సర్వర్ అడ్రస్సే వాడుతున్నా అని ఫైల్‌జిల్లా అంటోంది.

పాతకేబుల్:
దొరికింది. ఎఫ్‌టీపీలో కనెక్షన్లు రెండు. 21 మీద నడిచేది మాటలకి మాత్రమే, లిస్ట్ అయినా ఫైల్ అయినా వేరే కనెక్షన్ మీద వస్తుంది. ఆ రెండోది ఎక్కడికి రావాలో సర్వర్ 227లో చెప్తుంది (పాసివ్ మోడ్ అంటే ఇదే), మొదటి నాలుగు అంకెలు ఐపీ, చివరి రెండూ పోర్ట్, 195 ఇంటూ 256 ప్లస్ 80 అంటే 50000. మీ సర్వర్ లోపలి ఐపీ ఇచ్చింది, ఫైల్‌జిల్లా తెలివిగా దాన్ని పక్కన పెట్టింది కానీ 50000 పోర్ట్ రౌటర్లో మూసి ఉంటే అదేం చేస్తుంది. మరి ఇన్నాళ్లూ ఎలా నడిచిందంటే, చాలా రౌటర్లలో ఎఫ్‌టీపీ ఏఎల్‌జీ అని ఒకటుంటుంది, అది 21 మీద వెళ్లే మాటలు చదివి 227లో ఐపీ మార్చేసి ఆ పోర్ట్ కూడా అప్పటికప్పుడు తెరిచేస్తుంది. టీఎల్ఎస్ పెట్టాక దానికి ఆ మాటలు కనబడవు. ఇన్నాళ్లూ రౌటర్ చడీచప్పుడు లేకుండా చేసిపెట్టిన పని ఇప్పుడు మీరు చేయాలి అంతే. కాన్ఫిగ్‌లో పాసివ్ మిన్ పోర్ట్ 50000, మ్యాక్స్ పోర్ట్ 50100 పెట్టి, పాసివ్ అడ్రస్‌లో పబ్లిక్ ఐపీ ఇచ్చి, అదే రేంజ్ రౌటర్లో ఫార్వర్డ్ చేయండి, సర్వర్ ఫైర్‌వాల్లో కూడా తెరవండి (ఇది మర్చిపోయి మళ్లీ రౌటర్నే తిట్టేవాళ్లని చాలామందిని చూశా). ఆ తర్వాత లోపలి వాళ్లకి ఆగిపోతే కంగారు పడకండి, పబ్లిక్ ఐపీకి వెళ్లి తిరిగి లోపలికి రావడం కొన్ని రౌటర్లకి చేతకాదు. వాళ్ల క్లయింట్లో ఈపీఎస్‌వీ (పాసివ్ మోడ్ అడిగే ఇంకో కమాండ్) ఉంటే అది వాడమనండి, దాని జవాబు 229లో పోర్ట్ ఒక్కటే ఉంటుంది, ఐపీ ఉండదు.

రాత్రిడ్యూటీ:
అన్నా వచ్చేసింది!! సర్వర్ ఫైర్‌వాల్ నేనూ మర్చిపోయా, మీరు చెప్పబట్టి చూశా. కానీ ఇంకోటి మిగిలింది, రాత్రి బ్యాకప్ పంపే నా పైథాన్ స్క్రిప్ట్ లాగిన్ అయ్యి ఫైల్ పంపేటప్పుడు 522, సెషన్ రీయూజ్ రిక్వైర్డ్ అని పడిపోతోంది. ఫైల్‌జిల్లాకి రాని ఎర్రర్ దీనికెందుకు?

గేట్‌వే:
అది సర్వర్ కావాలనే ఆపడం. పాసివ్ పోర్ట్ తెరిచి కూర్చున్నప్పుడు మీకంటే ముందు ఇంకెవడో వచ్చి తగులుకుంటే ఫైలు వాడి చేతికి పోతుంది కదా, అందుకని 21 మీద కుదిరిన టీఎల్ఎస్ సెషన్నే డేటా కనెక్షన్లో కూడా వాడమంటుంది, అప్పుడు వచ్చింది మీరే అని తెలుస్తుంది. వీఎస్ఎఫ్‌టీపీడీలో ఇది డిఫాల్ట్‌గా ఆన్. ఫైల్‌జిల్లా ఆ సెషన్ తిరిగి వాడుతుంది, పైథాన్‌లో ఎఫ్‌టీపీకి ఉన్న లైబ్రరీ ఎఫ్‌టీపీలిబ్ దానంతట అది వాడదు. కాన్ఫిగ్‌లో రిక్వైర్ ఎస్ఎస్ఎల్ రీయూజ్‌కి నో పెడితే నిమిషంలో పోతుంది, నెట్‌లో అందరూ చెప్పేది కూడా అదే, నాకైతే నచ్చదు, ఎందుకంటే మీ ఒక్క స్క్రిప్ట్ కోసం సర్వర్‌కి వచ్చే అందరికీ ఆ కాపలా తీసేసినట్టు అవుతుంది. దాని బదులు ఎఫ్‌టీపీలిబ్‌లో ఎఫ్‌టీపీఎస్‌కి ఉన్న క్లాస్‌ని ఇన్‌హెరిట్ చేసి, డేటా సాకెట్‌ని టీఎల్ఎస్‌తో చుట్టే చోట కంట్రోల్ సాకెట్ (21 మీది కనెక్షన్) సెషన్ పాస్ చేయండి, నాలుగైదు లైన్ల పని. అప్పటికీ కుదరకపోతే టీఎల్ఎస్ 1.2కి కట్టేసి చూడండి, 1.3లో సెషన్ టికెట్ హ్యాండ్‌షేక్ అయ్యాక వస్తుంది, అది అందుకోకముందే క్లయింట్ ముందుకెళ్లిపోతే మళ్లీ ఇదే ఎర్రర్.

రాత్రిడ్యూటీ:
నిన్న రాత్రి జాబ్ పాస్. 1.3లో ఒకసారి వెళ్లింది ఒకసారి ఆగింది, 1.2కి కట్టేశాక ఆగలేదు. సర్వర్లో రీయూజ్ అలాగే ఉంచా.